ప్రాణానికి అడ్రస్ అడ్డం

హైదరాబాద్ పాతబస్తీలోని యాకుత్‌పురాలో ఇంటి నంబరు చెప్పడమే పెద్ద పని. తాత పేరు మీదున్న ఒక్క ఇంటిని కొడుకులు, వాళ్ల కొడుకులు పంచుకుంటూ పోయేసరికి ఆ నంబరుకు నాలుగు గీతలు, మూడు స్లాష్‌లు, తోక దగ్గర ఒక ఇంగ్లిష్ అక్షరం వచ్చి చేరుతాయి. పోస్ట్‌మ్యాన్‌కు అది అలవాటే. అర్ధరాత్రి 108కు ఫోన్ చేసినవాడికి మాత్రం పరీక్ష. అవతలి గొంతు ల్యాండ్‌మార్క్ అడుగుతుంది. రైల్వే స్టేషన్ దగ్గరంటే ఇటువైపా, పట్టాల అటువైపా అంటుంది. బడా బజార్ అంటే బడా బజార్‌లో ఎక్కడ అంటుంది. ఆఖరికి ఇంట్లోంచి ఒక కుర్రాడు మెయిన్ రోడ్డు దాకా ఉరికి, బండి కోసం చెయ్యి ఊపుతూ నిలబడతాడు. బండి వస్తుంది, గల్లీ మొదట్లోనే ఆగిపోతుంది. రెండు పక్కలా అరుగులు, అరుగుల ముందు బైకులు, మూలమీద కరెంటు స్తంభం ఉంటే అది ముందుకెలా పోతుంది? స్ట్రెచర్ కూడా ఆ మలుపు తిరగదు. మనిషిని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మోసుకొస్తారు. వెన్ను దెబ్బతిన్నవాణ్ని అలా కూర్చోబెడితే ఏమవుతుందో ఎముకల డాక్టర్లను అడగాలి.

అందుకే ఈ బస్తీల్లో చాలామంది 108 జోలికే పోరు. ఆటోను పిలుస్తారు, లేదంటే బైక్ మీద ఇద్దరి మధ్య కూర్చోబెడతారు. దబీర్‌పురా, పురానీ హవేలీ, నయాపూల్ మీదుగా అఫ్జల్‌గంజ్‌లోని ఉస్మానియా ఆసుపత్రికి అయిదు కిలోమీటర్లు కూడా ఉండదు. కానీ ఆ ఆటో ఏ రిజిస్టర్‌లోకీ ఎక్కదు. ఫోన్ వచ్చిన ఎన్ని నిమిషాలకు అంబులెన్స్ చేరిందన్నది 108 లెక్క. ఫోనే చెయ్యనివాడు ఆ లెక్కలో ఉండడు. ఎవరికి సేవ అందడం కష్టమో వాళ్లే సగటులోంచి తప్పుకుంటారు కాబట్టి నగరం సగటు ఎప్పుడూ చక్కగానే కనబడుతుంది.

అత్యవసర వైద్యంలో వివక్ష అనగానే మన చూపు కసురుకున్న నర్సు మీదికో, పేరు విని మొహం చిట్లించిన డాక్టర్ మీదికో పోతుంది. అలాంటివాళ్లు లేరనను. కానీ యాకుత్‌పురా గల్లీ మొదట్లో ఆగిన బండిని చూడండి. ఫోన్ ఎత్తిన అమ్మాయికి, డ్రైవర్‌కు, వెనక కూర్చున్న టెక్నీషియన్‌కు ఆ ఇంటివాళ్ల మీద ఏ కోపమూ లేదు. బంజారాహిల్స్‌లో గేటు దాకా వెళ్లే బండే ఇక్కడికీ వచ్చింది. ఒకే బండి అందరికీ పంపామని ప్రభుత్వం అంటే అది అబద్ధం కాదు. గల్లీ వెడల్పు మాత్రం అందరికీ ఒకటి కాదు. ఎవరి దురుద్దేశమూ లేకుండానే ఒక మొహల్లా మనిషికి మరో మొహల్లా మనిషి కంటే ఆలస్యంగా వైద్యం అందుతుంటే, తప్పెవరిదని వెతకడం ఆపి ముందు ఆలస్యాన్ని కొలవాలి. ఆ కొలతే మన దగ్గర జరగడం లేదన్నది ఈ వ్యాసంలో నా ప్రధాన ఫిర్యాదు.

108 గొప్పతనాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. 2005 ఆగస్టు 15న ఈ హైదరాబాద్‌లోనే సత్యం రామలింగరాజు స్థాపించిన ఈఎంఆర్ఐ సంస్థ ఆ సేవను మొదలుపెట్టింది. 2009లో సత్యం కుంభకోణం బయటపడ్డాక జీవీకే సంస్థ దాన్ని చేతిలోకి తీసుకుంది. మన దగ్గర పుట్టిన ఆ నమూనా తర్వాత ఎన్నో రాష్ట్రాలకు పాకింది. ఊరి చివర వాడలోని గర్భిణికైనా దొర గడీలోని గర్భిణికైనా పైసా అడగకుండా ఒకే బండి వెళ్లడం అంతకుముందు మన సమాజం ఎరగనిది. సమానత్వం దిశగా తెలుగు నేల మీద వేసిన పెద్ద అడుగుల్లో దాన్నీ లెక్కవేయాల్సిందే. అయితే ఆ అడుగు వేసి ఇరవై ఏళ్లు దాటింది. ఇంకా దాని మీదే నిలబడి ఉన్నాం.

ఇక ఉస్మానియా ఆసుపత్రి సంగతి. 1908 సెప్టెంబర్ మూసీ వరదలో పాత అఫ్జల్‌గంజ్ దవాఖాన పోయాక, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో, విన్సెంట్ ఎష్ గీసిన నమూనాలో లేచింది నేటి ఉస్మానియా భవనం. ఒకప్పుడు అది పేదవాడికి కట్టిన రాజమహల్. 2020 జూలైలో వాన నీళ్లు, మురుగు కలిసి వార్డుల్లోకి వచ్చాయి. మంచాల కింద నీళ్లు పారుతుండగా రోగులు పైన పడుకున్న దృశ్యాలు దేశమంతా చూసింది. ఆ నెలలోనే పాత భవనాన్ని ఖాళీ చేయించి తాళం వేశారు. మిగిలిన బ్లాకుల్లోకి రోగులను సర్దారు. పాతబస్తీతో పాటు మహబూబ్‌నగర్, రంగారెడ్డి పల్లెల నుంచి, సరిహద్దు దాటి కర్ణాటక నుంచి వచ్చేవాళ్లకు కూడా అదే పెద్ద దిక్కు. 2022లో ప్రభుత్వం నగరంలో కొత్త టిమ్స్ ఆసుపత్రులకు శంకుస్థాపన చేసినప్పుడు సనత్‌నగర్, ఎల్బీనగర్, అల్వాల్ పేర్లు వినిపించాయి. చార్మినార్ చుట్టుపక్కల పేటల్లో ఒక్క పేరూ లేదు.

పేట్లబురుజులో ప్రసూతి ఆసుపత్రి, పురానీ హవేలీలో దుర్రూ షెహ్వార్ పిల్లల ఆసుపత్రి, మొఘల్‌పురాలో ప్రిన్సెస్ ఎస్రా, సంతోష్‌నగర్ వైపు ఒవైసీ ఆసుపత్రి ఉన్నాయి కదా అనవచ్చు. ఉన్నాయి. పగటిపూట జ్వరానికి, బీపీకి బస్తీ దవాఖానాలు కూడా 2018 నుంచి వచ్చాయి. అవి సాయంత్రానికి మూతపడతాయి. గుండెకు, మెదడుకు, కత్తిపోటుకు ఆఫీసు వేళలు తెలియవు.

ఇక క్యాజువాలిటీ గుమ్మం దగ్గరికి వద్దాం. వివక్షకు నిజంగా కళ్లూ చెవులూ వచ్చేది అక్కడే. ఏ పెద్దాసుపత్రిలోనైనా రాత్రి పదకొండు తర్వాత ఒక గంట నిలబడి చూడండి. ట్రాలీ ఎవరికి ముందు దొరుకుతుంది? వార్డ్‌బాయ్‌కు చేతిలో ఏదో పెట్టగలిగినవాడికి, లేదా కార్పొరేటర్‌తో ఫోన్ చేయించినవాడికి. డ్యూటీ డాక్టర్ ముందు ఎవరిని చూస్తాడు? గట్టిగా అరిచే బంధువులు ఉన్నవాణ్ని. ఎవరూ వెంటలేని కూలీ, తాగినట్టు వాసన వచ్చే మనిషి, బురఖాలో గోడకు ఒరిగి కూర్చున్న నడివయసు స్త్రీ చివరికి మిగులుతారు. ఆ తాగినట్టున్న మనిషికి తలలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. ఆ స్త్రీకి గుండెపోటు అయి ఉండవచ్చు. ఆడవాళ్లలో, అందులోనూ షుగర్ ఉన్నవాళ్లలో గుండెపోటు ఛాతీ పట్టుకుని కుప్పకూలే సినిమా పద్ధతిలోనే రావాలని లేదు. ఆయాసం, వాంతి, వెన్ను నొప్పి, చెమట, ‘ఘబరాహట్’ అని ఆమె చెప్పుకునే ఏదో ఆందోళన రూపంలో వస్తుంది. ఇంట్లోవాళ్లు గ్యాస్ అంటారు, సోడా తాగిస్తారు. మగాళ్లు పని నుంచి వచ్చాక చూద్దామంటారు. క్యాజువాలిటీలో ఎవరో ‘టెన్షన్ పేషెంట్’ అంటారు. ఈసీజీ తీసే మనిషి మగవాడైతే ఇంకో పావుగంట మొహమాటం. ఈ ఆలస్యంలో ఇల్లూ ఆసుపత్రీ సమానంగా వాటాదారులు. ఒక్క ఆసుపత్రినే బోనెక్కించడం న్యాయం కాదు.

ఇది మన దగ్గరి రోగమే అనుకోనక్కర్లేదు. లాస్ ఏంజెలెస్‌లో ఒక యూనివర్సిటీ ఆసుపత్రి ఎమర్జెన్సీ విభాగంలో చేతి, కాలి ఎముకలు విరిగి వచ్చిన రోగులను పరిశీలించి 1993లో ఒక అధ్యయనం అచ్చువేశారు. లాటిన్ అమెరికా మూలాలున్నవాళ్లలో సగం కంటే ఎక్కువ మందికి, అంటే 55 శాతానికి, నొప్పి మందే ఇవ్వలేదు. తెల్లవాళ్లలో అలా మందు దొరకనివాళ్లు 26 శాతం. విరిగింది అదే ఎముక, చూసింది అదే ఆసుపత్రి. బ్రిటన్ ఆసుపత్రుల్లో దక్షిణాసియా స్త్రీలు నొప్పిని ఎక్కువ చేసి చెబుతారన్న నమ్మకం సిబ్బందిలో ఎంతగా పాతుకుపోయిందంటే, వాళ్లు చాటుగా దానికొక రోగం పేరే పెట్టుకున్నారు. ఫ్రాన్స్‌లో 2017 డిసెంబర్‌లో స్ట్రాస్‌బర్గ్ నుంచి 22 ఏళ్ల నల్లజాతి యువతి అత్యవసర నంబరుకు ఫోన్ చేసి చచ్చిపోతున్నానంటే, ఫోన్ ఎత్తిన ఆపరేటర్ వెటకారంగా మాట్లాడి పెట్టేసింది. కొన్ని గంటల తర్వాత ఆ యువతి ఆసుపత్రిలో చనిపోయింది. సంభాషణ రికార్డయి ఉంది కాబట్టి ఆ ఆపరేటర్‌కు 2024లో శిక్ష పడింది. మన 108 సంభాషణలు కూడా రికార్డవుతాయి. ఏ బస్తీ నుంచి వచ్చిన ఫోన్ ఎంతసేపు సాగింది, ఎన్నిసార్లు మళ్లీ చెయ్యాల్సి వచ్చింది, దక్కనీ ఉర్దూలో మాట్లాడినవాళ్లకూ తెలుగులో మాట్లాడినవాళ్లకూ ఏమైనా తేడా ఉందా అని ఆ రికార్డులను విని చూడటానికి పెద్ద ఖర్చేమీ కాదు.

మనిషి కంటే యంత్రం నయమనే ఆశ ఉంది. అదీ పూర్తిగా నిజం కాదు. కోవిడ్ రోజుల్లో ఇంటింటా కొన్న పల్స్ ఆక్సీమీటర్ చర్మం గుండా వెలుతురు పంపి ఆక్సిజన్‌ను అంచనా వేస్తుంది. నల్లటి చర్మం ఉన్నవాళ్లలో అది ఉన్నదానికంటే ఎక్కువ చూపించి, ప్రమాదాన్ని దాచిపెట్టే అవకాశం తెల్లవాళ్లతో పోలిస్తే దాదాపు మూడు రెట్లని 2020లో అమెరికా వైద్యులు తేల్చారు. ఎండలో మాడిన మన కూలీ వేలికి తగిలించే పరికరం కూడా అదే. అందుకని అంకెలు వద్దనడం లేదు. నాడి, శ్వాస, బీపీ, స్పృహ కొలిచి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులు వేసే ట్రయాజ్ పద్ధతి గట్టిగా అరిచినవాడికి మొదట వైద్యం చేసే పద్ధతి కంటే వెయ్యి రెట్లు మేలు. దక్షిణాఫ్రికా లాంటి పేద, ధనిక అంతరాలున్న దేశం తన నర్సులకు సరిపోయేలా అలాంటి కొలబద్దను తయారుచేసుకుని వాడుతోంది. కాకపోతే రంగు పట్టీ కట్టేసి చేతులు దులుపుకోకూడదు. ఆ రంగు ఎవరికి ఎంతసేపటికి పడిందో నెలకోసారి తిరిగి చూసుకోవాలి.

డాక్టర్ల వైపు మాట కూడా వినాలి. ముప్పై ఆరు గంటల డ్యూటీలో ఉన్న జూనియర్ డాక్టర్ ముందు ఒక రోగితో పాటు పాతికమంది బంధువులు దిగితే అతని చూపు రోగి మీద కంటే గుంపు మీదే ఉంటుంది. 2020 జూన్‌లో గాంధీ ఆసుపత్రిలో జూనియర్ డాక్టర్లు రోడ్డెక్కింది తోటి డాక్టర్‌పై దాడి జరిగితేనే. 2024 సెప్టెంబర్‌లో అదే ఆసుపత్రి క్యాజువాలిటీలో ఒక మహిళా జూనియర్ డాక్టర్ మీద రోగి చెయ్యి చేసుకున్నాడు. ఉస్మానియాలోనూ ఇలాంటివి జరిగాయి. ఈ భయం ఉత్తిది కాదు. కానీ అది నెమ్మదిగా ‘పాతబస్తీ కేసు’ అనే రెండు మాటల్లోకి గడ్డకడుతుంది. గాంధీ ఉన్నది ముషీరాబాద్‌లో అన్న సంగతి ఆ మాట అనేవాళ్లకు గుర్తుకు రాదు. ఇంటి పేటను బట్టి గొడవను ఊహించడం మొదలైతే, గొడవ చేయని తొంభై తొమ్మిది మంది దాని ధర చెల్లిస్తారు. గుంపు ఎందుకు వస్తుందో కూడా ఆలోచించాలి. వెంట మనుషులు లేకపోతే పట్టించుకోరని ఇక్కడివాళ్లు అనుభవం మీద నేర్చుకున్నారు. గుంపును చూసి సిబ్బంది బిగుసుకుంటారు, బిగుసుకున్న సిబ్బందిని చూసి గుంపు పెరుగుతుంది. వచ్చిన ప్రతి అటెండెంట్‌కూ తమ మనిషికి ఏ రంగు పడింది, ఎంతసేపట్లో డాక్టర్ వస్తారు అన్నది అతని భాషలో చెప్పే ఒక మనిషి గుమ్మం దగ్గర ఉంటే సగం గొడవ అక్కడే చల్లారుతుంది.

అడ్రస్ ఎంత దూరం తరుముతుందో 2020 ఏప్రిల్‌లో చూశాం. గద్వాల జిల్లా నుంచి నొప్పులతో బయల్దేరిన ఇరవై ఏళ్ల గర్భిణిని మహబూబ్‌నగర్‌లో, ఆపైన హైదరాబాద్‌లో ఆసుపత్రి నుంచి ఆసుపత్రికి తిప్పారు. ఆమె వచ్చింది కరోనా రెడ్ జోన్ నుంచి. బిడ్డా దక్కలేదు, తల్లీ దక్కలేదు. హైకోర్టు ఆ విషయాన్ని విచారణకు తీసుకుంది. ఆ వారాల్లోనే దేశమంతటా తబ్లిగీ జమాత్ పేరుతో ముస్లిం రోగుల మీద అనుమానం ముసిరింది. అహ్మదాబాద్ సివిల్ ఆసుపత్రిలో మతాన్ని బట్టి వార్డులు విడదీశారన్న వార్త పెద్ద దుమారమే రేపింది. ఒక జబ్బు భయం ముందు ఊరును, తర్వాత మతాన్ని చూసుకుంటూ పోయింది.

చట్టం లేక ఇదంతా జరుగుతోందా అంటే, చట్టానికేం లోటు లేదు. ప్రాణాపాయంలో ఉన్నవాడికి ముందు వైద్యం, తర్వాతే పోలీసు కాగితాలు అని పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. 1996లో పశ్చిమ్ బంగ ఖేత్ మజ్దూర్ సమితి కేసు ఇంకా పాఠంలాంటిది. 1992 జూలైలో రైలు నుంచి పడి తలకు దెబ్బ తగిలిన వ్యవసాయ కూలీని ఆ రాత్రి కోల్‌కతా చుట్టూ ఒక్కో ప్రభుత్వాసుపత్రీ పడక లేదనో, వసతి లేదనో పంపేసింది. చివరికి ప్రైవేటులో పదిహేడు వేలు ఖర్చుపెట్టి బతికాడు. డబ్బు లేదన్నది ప్రభుత్వానికి సాకు కారాదని, ఇది జీవించే హక్కుకే భంగమని కోర్టు తేల్చి పాతిక వేల పరిహారం ఇప్పించింది. ఎక్కడ పడక ఖాళీగా ఉందో చెప్పే కేంద్రీకృత సమాచార వ్యవస్థ పెట్టమని కూడా చెప్పింది. కోవిడ్ రెండో ఉధృతిలో తెలంగాణ ప్రభుత్వం ఖాళీ పడకల లెక్క ఆసుపత్రుల వారీగా వెబ్‌సైట్‌లో పెట్టి, తలచుకుంటే ఆ పని చేయగలనని నిరూపించింది. మామూలు రోజుల్లో పురానీ హవేలీ దగ్గర ఆటోలో కూర్చున్నవాడికి కూడా అదే సమాచారం కావాలి.

కాగితాల విషయంలో తమిళనాడు మనకంటే ముందుంది. 2021 డిసెంబర్‌లో మొదలుపెట్టిన పథకం కింద అక్కడ రోడ్డు ప్రమాద బాధితుడికి మొదటి 48 గంటల వైద్యం ఉచితం. అతను ఏ రాష్ట్రంవాడు, బీమా కార్డు ఉందా లేదా అని అడగరు. కేంద్రం 2025 మేలో తెచ్చిన నగదు రహిత పథకం కూడా రోడ్డు ప్రమాదాలకు ఏడు రోజుల వరకు, లక్షన్నర దాకా వర్తిస్తుంది. మన ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబర్‌లో పది లక్షలు చేశారు, సంతోషం. కానీ యాకుత్‌పురా చుట్టుపక్కల కార్ఖానాల్లో గాజులు చేసే బీహార్ కుర్రాడికి ఇక్కడి రేషన్ కార్డు ఎక్కడిది? బండి గుద్దితే అతనికి పథకం ఉంది, గుండె ఆగబోతే లేదు. మొదటి 24 గంటలు ఏ కార్డూ అడగకుండా ఏ అత్యవసర వైద్యమైనా చేసి, బిల్లు ప్రభుత్వానికి పంపే ఏర్పాటు రావాలి. 2023లో రాజస్థాన్ ఆరోగ్య హక్కు చట్టం ఆ దిశగా వెళ్లింది. బిల్లు ఎవరు కడతారో తేల్చకపోతే ప్రైవేటు డాక్టర్లు రోడ్డెక్కుతారన్నదీ అక్కడే తేలింది.

గల్లీ సమస్యకు జవాబు గల్లీలోనే దొరుకుతుందని నా అభిప్రాయం. 1967లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో హిల్ డిస్ట్రిక్ట్ అనే నల్లవాళ్ల పేట ఉండేది. అక్కడ జబ్బుపడితే పోలీసు వ్యాన్ వచ్చేది, చాలాసార్లు అదీ వచ్చేది కాదు. ఊపిరి ఊది ప్రాణం నిలిపే పద్ధతిని ప్రపంచానికి నేర్పిన డాక్టర్ పీటర్ సఫర్ ఆ పేటలోని నిరుద్యోగ యువకులనే చేరదీసి నెలల తరబడి శిక్షణ ఇచ్చాడు. ఫ్రీడమ్ హౌస్ అంబులెన్స్ పేరుతో వాళ్లు నడిపిన సేవ నేటి పారామెడిక్ వృత్తికి పునాదుల్లో ఒకటైంది. ఆ సందుల్లో ఏ ఇల్లు ఎక్కడో వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 1975లో నగరపాలక సంస్థ సొంత సేవ పెట్టుకుని వాళ్లను మూసేసింది. ఆ నల్ల యువకుల్లో చాలామందిని పక్కకు నెట్టేసింది కూడా. ఈ రెండో భాగాన్నీ మనం గుర్తుపెట్టుకోవాలి.

పాతబస్తీలో అలాంటి చేతులకు కొదవలేదు. రెండో ఉధృతిలో ఆక్సిజన్ సిలిండర్లు భుజాన వేసుకుని తిరిగింది ఈ గల్లీల కుర్రాళ్లే. నవాబ్‌సాహెబ్ కుంటలో ఒక మసీదు తన ఆవరణను దవాఖానాకు ఇచ్చింది. జమాతులు, దానధర్మాల సంస్థలు సొంత అంబులెన్సులు నడుపుతాయి. లేనిదల్లా శిక్షణ, జీతం, 108తో అనుసంధానం. ప్రతి మొహల్లాకు ఇద్దరు ముగ్గురు ఆడా మగా, అందులో ఈసీజీ తీయడం వచ్చిన ఒక ఆడపిల్ల తప్పకుండా ఉండేలా, గల్లీలో పట్టే బైక్ అంబులెన్సూ, మలుపు తిరిగే మడత స్ట్రెచరూ ఇచ్చి నిలబెడితే, పెద్ద బండి వచ్చేలోపు ఆ మొదటి పది నిమిషాలు వృథా కావు. 2025 మే 18న గుల్జార్ హౌజ్ దగ్గర ఒక్క ఇంట్లో ఎనిమిది మంది పిల్లలతో సహా 17 మంది మంటల్లో, పొగలో పోయిన తర్వాత, ఇరుకు సందుల సంగతి కొత్తగా ఎవరికీ వివరించాల్సిన పని లేదు. దీన్ని స్వచ్ఛంద సేవ పేరుతో ఉచితంగా మాత్రం చేయించకండి. పేదవాడి గల్లీకి జీతం లేని సేవకుడు, ధనికుడి వీధికి జీతమున్న టెక్నీషియన్ అయితే అది మరో వివక్ష.

ఇక గోషామహల్. 2025 జనవరి 31న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి అక్కడి పోలీస్ మైదానంలో రెండు వేల పడకల కొత్త ఉస్మానియాకు శంకుస్థాపన చేశారు. ఆలస్యమైనా మంచి పని. కొత్త చోటికి వెళ్లాక అఫ్జల్‌గంజ్‌లో క్యాజువాలిటీ ఎత్తేస్తే మాత్రం మూసీ ఇవతలి పేటల లెక్క మారిపోతుంది. నయాపూల్ దాటగానే గుమ్మం తగిలే రోగికి ఇకపై బేగంబజార్ లారీలు, మూటలు, తోపుడు బండ్ల మధ్య నుంచి ఇంకో రెండు కిలోమీటర్లు మిగులుతుంది. సాయంత్రం పూట ఆ రోడ్డు మీద ఆటో ఎలా నడుస్తుందో హైదరాబాదీలకు తెలుసు. వారసత్వ భవనాన్ని ఏ విధంగా కాపాడినా, ఆ ప్రాంగణంలో ఇరవై నాలుగు గంటలు పనిచేసే ఒక అత్యవసర విభాగాన్ని, ఒక సీటీ స్కానర్‌ను, రక్తనిధిని ఉంచాలి. కొత్త ఆసుపత్రి తలుపులు తెరిచేలోగానే ఆ నిర్ణయం కాగితం మీదికి రావాలి.